సౌండ్ ఉంది, బొమ్మ లేదు

గేమింగ్ లాప్‌టాప్ పట్టుకొచ్చి "అన్నా, డిస్‌ప్లే పోయింది" అనే పిల్లలు నా బెంచీ దగ్గర కాసేపు నిరాశపడతారు. నేను స్క్రూడ్రైవర్ తియ్యను. ముందు ఆన్ చేసి, షాపులో ట్యూబ్‌లైటు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చి తెర మీద ఏటవాలుగా కొట్టి చూస్తాను. క్యాప్స్‌లాక్ నొక్కి దాని లైటు వెలిగి ఆరుతోందా గమనిస్తాను. మూలనున్న పాత మానిటర్‌కి హెచ్‌డీఎంఐ వైరు తగిలిస్తాను. లక్ష దాటిన మెషిన్‌కి ఇదేం పరీక్ష అన్న అనుమానం వాళ్ల మొహాల్లో కనబడుతూనే ఉంటుంది. నేను వెతికేది ఒక్కటే: బొమ్మ ఎక్కడిదాకా వచ్చి ఆగింది?

ఈ ప్రశ్న లాప్‌టాప్‌లతో పుట్టింది కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్ చుట్టుపక్కల చిప్ లెవెల్ పని చేసేవాళ్లలో నా వయసు వాళ్లను కదిపి చూడండి, చాలామంది టీవీల మీదే చెయ్యి కాల్చుకున్నవాళ్లు. నేనూ అంతే. వరంగల్ చౌరస్తా దగ్గర మా మేనమామకు టీవీ రిపేరు షాపు ఉండేది. ఇంటర్ అయ్యాక అమ్మ నన్ను అక్కడ కూర్చోబెట్టింది, ఊరికే తిరగకుండా ఉంటాడని.

మామ పని నేర్చింది ఈసీ టీవీల మీద. ఆ పేరు ఇప్పటి పిల్లలకు తెలియదు. వాటిని చేసిన ఈసీఐఎల్‌ను 1967లో హైదరాబాద్‌లో పెట్టారు. దాన్ని నిలబెట్టినాయన పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఏ.ఎస్. రావు నగర్ అని మనం రోజూ అనే పేరు ఆయనదే. అణుశక్తి విభాగం కోసం పరికరాలు చేసే ఆ సంస్థ ఇళ్లలోకి టీవీలు కూడా పంపింది. ఊళ్లలోకి కూడా పంపింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు టీవీ చూపించారు. సైట్ అని దాని పేరు. కోళ్ల గూటికి వాడే వలలాంటి ఇనప జాలీతో పది అడుగుల యాంటెనా, దాని కింద ఈసీఐఎల్ చేసిన సెట్టు. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీ. టీవీ అంటే ఏమిటో తెలియని ఊళ్లో సెట్టు ఆగిపోతే బాగుచేసి మళ్లీ నడిపించడం ఆ ప్రయోగంలో చిన్న పనేమీ కాదు. మన దగ్గర బొమ్మ రిపేరు అనే వృత్తికి పునాది అక్కడ పడిందని నా లెక్క. 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యింది, 1982లో ఢిల్లీ ఏషియాడ్‌తో రంగులొచ్చాయి, 1984లో దేశమంతా వరసబెట్టి ట్రాన్స్‌మిటర్లు లేపారు. ఆ తర్వాత మామలాంటి వాళ్లకు అన్నం తినే తీరిక లేకుండా పోయింది.

వచ్చిన ప్రతి గిరాకీదీ ఒకటే మాట: "సౌండ్ వస్తుంది, బొమ్మ రాదు." మామ సెట్టు ఆన్ చేసి, మోచేతి దిగువ భాగాన్ని అద్దానికి రెండంగుళాల దూరంలో పెట్టేవాడు. చేతి మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే పిక్చర్ ట్యూబుకు హై వోల్టేజీ అందుతున్నట్టే. కలర్ సెట్టులో అది 25 వేల వోల్టుల దాకా ఉంటుంది, అద్దం ముందు భాగానికి ఆ స్టాటిక్ పట్టుకుంటుంది. తర్వాత వెనక్కి వెళ్లి ట్యూబు మెడ దగ్గర ఎర్రగా చిన్న నిప్పు కనిపిస్తోందా చూసేవాడు. అది 6.3 వోల్టుల హీటరు. ఈ రెండూ ఉన్నాయంటే, "ట్యూబు బతికే ఉందిరా అల్లుడా, బొమ్మ వీడియో సెక్షన్‌లోనే ఆగింది" అని మీటరు ముట్టకుండా తేల్చేవాడు. వెంట్రుకలు లేవకపోతే లైన్ అవుట్‌పుట్ పోయినట్టు. బీయూ 208 ట్రాన్సిస్టరో, ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మరో చూసుకోవాలి. తెర మధ్య ఒక్క అడ్డగీత మాత్రం మిగిలితే వర్టికల్ పోయింది. ఇక పైకీ కిందికీ వెతకడం దండగ.

తెర మీద కనబడే తప్పే లోపల పోయిన చోటు చెబుతుందని నాకు అక్కడే తలకెక్కింది. మామ దగ్గర ఇంకొక సంగతి ఉండేది, అది ఇప్పుడు నా దగ్గర లేదు: సర్క్యూట్ కాగితం. ఆ కాలం సెట్లు చాలావాటికి వెనక మూత లోపలో, వెంట వచ్చిన పుస్తకంలోనో మొత్తం సర్క్యూట్ అచ్చువేసి ఉండేది. ఏ పాయింటు దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలో, స్కోపులో అల ఏ ఆకారంలో కనబడాలో కూడా. లేని సెట్లకు హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠీలో సర్క్యూట్ పుస్తకాలు కొనుక్కొచ్చేవాడు. వెళ్లిన పని గుజరాతీ గల్లీలో స్పేర్లు తేవడం, వచ్చేది మాత్రం సగం సంచీ పుస్తకాలతో.

ట్యూబు ముసలిదై బొమ్మ మసకబారితే బూస్టరు పెట్టేవాళ్లం. హీటరుకు ఆరు వోల్టుల చోట ఏడో, ఎనిమిదో ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మరు. కొన్ని నెలలు బొమ్మ కళకళలాడేది, ఆ తర్వాత పూర్తిగా పోయేది. గిరాకీకి ముందే చెప్పి పెట్టేవాడు మామ. చెప్పకుండా పెట్టేవాళ్లూ ఉండేవాళ్లు. వేడి పెట్టి ప్రాణం తెప్పించే ఆ విద్య తర్వాత ఇంకో రూపంలో మా వృత్తిలోకి తిరిగొచ్చింది.

1998 నవంబరులో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ రోజుల్లోనే నేను హైదరాబాద్ చేరాను. అమీర్‌పేటలో కోర్సులు, ప్రతి గల్లీలో ఇంటర్నెట్ సెంటర్, ఒక్కో సెంటర్‌లో ఎనిమిదో పదో మానిటర్లు. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ నిండా కంప్యూటర్ షాపులే. టీవీ తెలిసినవాడికి మానిటర్ కొత్త కాదు, ట్యూనర్ లేని టీవీ అది. తేడా వేగంలో ఉంది. టీవీలో గీతలు సెకనుకు 15,625 సార్లు నడిస్తే, మానిటర్‌లో వీజీఏ మొదలయ్యేదే దానికి రెట్టింపు దగ్గర, రిజల్యూషన్ పెంచేకొద్దీ ఇంకా పైకి. సెంటర్‌కి వచ్చి కౌంటర్ స్ట్రైక్ ఆడే కుర్రాళ్లు సెట్టింగుల్లోకి వెళ్లి 60 హెర్ట్జ్‌ని 85 చేసేవాళ్లు. తప్పేమీ లేదు, ట్యూబు మానిటర్‌లో 60 దగ్గర తెర అదురుతున్నట్టుంటుంది, కళ్లు లాగుతాయి. అయితే అంత వేగాన్ని తట్టుకోలేని చవక మానిటర్ ఈల వేసేది, లేదా నల్లగా అయిపోయి పరిధి దాటిందని ఒక పెట్టె చూపించేది. సెంటర్ యజమాని పరుగెత్తుకొచ్చేవాడు మానిటర్ కాలిపోయిందని. సేఫ్ మోడ్‌లో తెరిచి 60కి దించితే అయిపోయేది. ఇవాళ 144 హెర్ట్జ్, 240 హెర్ట్జ్ అని మురిసిపోయే పిల్లలకు చెబుతుంటాను, ఆ యావ మీ అన్నలదే అని.

ఆ తర్వాత తెర పలచబడింది. ద్రవ స్ఫటికాల కథ పాతదే. 1888లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త క్యారెట్ నుంచి తీసిన ఒక పదార్థం రెండు వేరువేరు వేడిమిల దగ్గర రెండుసార్లు కరగడం చూశాడు. అలాంటి పదార్థాలతో బొమ్మ చూపించవచ్చని 1968లో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ ప్రకటించింది. ఇందులో మనవాళ్ల వేలు కూడా ఉంది. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో సర్ సి.వి. రామన్ మేనల్లుడు శివరామకృష్ణ చంద్రశేఖర్ బృందం, బిళ్లల ఆకారంలో ఉండే అణువులు కూడా ద్రవ స్ఫటికాలవుతాయని చూపించింది. తర్వాతి కాలంలో చవక ఎల్‌సీడీని పక్కనుంచి చూసినా రంగు మారకుండా ఉండేందుకు పైన వేసిన పొరల్లో ఆ బాపతు అణువులే వాడారు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక, పగిలిన ప్యానెళ్లు చెత్తబుట్టలో వేసేటప్పుడు కొంచెం మర్యాదగానే వేస్తున్నాను.

పాత ఎల్‌సీడీ లాప్‌టాప్‌లలో తెర వెనక వెలుగు ఒక సన్నటి ట్యూబ్‌లైటుది, సీసీఎఫ్ఎల్ అంటారు. అది వెలగాలంటే వందల వోల్టులు కావాలి, అంటుకోవడానికి ఇంకా ఎక్కువ. ఆ పని తెర అడుగునుండే ఇన్వర్టర్ పట్టీది. అది పోతే తెర చీకటి, కానీ బొమ్మ మాత్రం అక్కడే ఉంటుంది. టార్చి కొడితే ఐకాన్లు నీడల్లా కనబడతాయి. మామ చెయ్యి అద్దం దగ్గర పెట్టి చూసినట్టే ఇదీ. నీడ కనిపించిందా, బొమ్మ తెర దాకా వచ్చింది, వెలుగే లేదు. కనిపించలేదా, బొమ్మ ఇంకా వెనకే ఎక్కడో ఆగింది. 2009, 2010 ప్రాంతంలో ట్యూబు స్థానంలో ఎల్ఈడీలొచ్చి ఇన్వర్టర్లు మాయమయ్యాయి, టార్చి పరీక్ష మాత్రం చెడలేదు. ఇప్పుడు చీకటి తెరకు కారణం చాలాసార్లు మదర్‌బోర్డు మీద ఆవగింజంత ఫ్యూజు. ఎవరో బ్యాటరీ వైరు తీయకుండానే ప్యానెల్ మార్చి ఉంటారు. కనెక్టర్ పెట్టేటప్పుడు వెలుగుకిచ్చే లైను పక్క పిన్నుకు తగిలి ఫ్యూజు ఎగిరిపోతుంది. కొత్త ప్యానెల్ కూడా పాడైపోయిందని ఇంకొకటి తెప్పిస్తారు. అదీ వెలగదు.

ఇక 2008 సంగతి. మా వృత్తి పేరు బాగా చెడింది అప్పుడే. ఐరోపాలో 2006 జులై 1 నుంచి ఎలక్ట్రానిక్ సామాన్లలో సీసం మీద ఆంక్షలొచ్చాయి, ప్రపంచమంతా సీసం లేని సోల్డర్‌కి మారింది. రెండేళ్లకు, 2008 జులైలో ఎన్విడియా కంపెనీయే బయటపెట్టింది: కొన్ని పాత తరం గ్రాఫిక్స్ చిప్‌లలో డై, ప్యాకేజింగ్ పదార్థం బలహీనంగా ఉందని, అవి లాప్‌టాప్‌లలో మామూలుకన్నా ఎక్కువగా పోతున్నాయని. వారంటీ ఖర్చులకు 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్టు చెప్పింది. అమెరికాలో దావా పడి 2010లో రాజీ కుదిరింది, అక్కడివాళ్లకు ఉచిత రిపేరో, బదులు లాప్‌టాపో దక్కింది. మన దగ్గరివాళ్లకు దక్కింది మేమే.

లక్షణం ఒకటే. పవర్ వస్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది, తెర నలుపు. మా వీధిలో ప్రతి బెంచీ మీదా హీట్ గన్నులొచ్చాయి. చిప్ చుట్టూ అల్యూమినియం రేకు కప్పి, మధ్యలో వేడిగాలి కొడితే, చల్లారాక బొమ్మ వచ్చేది. గిరాకీ దండం పెట్టి డబ్బిచ్చేవాడు. కొన్నాళ్లకు మళ్లీ అదే నలుపు, మళ్లీ అదే దండం, ఈసారి డబ్బు లేకుండా. రీబాలింగ్ యంత్రాలు కొన్నవాళ్లు ఇంకాస్త పెద్ద మాట చెప్పేవాళ్లు, చిప్ ఊడదీసి కింద బంతులు కొత్తవి వేశామని. నిజానికి పగులు ఆ బంతుల్లో కాదు. వాటి పైన, సిలికాన్ ముక్కను పలకకు అతికించే సన్నటి బొడిపెల్లో ఉంది. వేడి తగిలితే అవి తాత్కాలికంగా కలుసుకునేవి. పాత చిప్ కింద ఎన్ని బంతులు మార్చినా అదే కథ, కొత్త చిప్ వెయ్యాలి. ఈ తేడా తెలిసి కూడా ఆ వేడిగాలి పనే (రీఫ్లో) చేసి ఆరు నెలల గ్యారంటీ రాసిచ్చినవాళ్లను నేను వృత్తివాళ్లుగా లెక్కవెయ్యను. బూస్టరు పెట్టేముందు మామ చెప్పిన రెండు ముక్కలు వీళ్లూ చెప్పి ఉంటే సరిపోయేది.

అదే 2010లో ఇంకొక మార్పు వచ్చింది, దాన్ని మావాళ్లు చాలామంది గమనించలేదు. అప్పటిదాకా మా పరీక్ష సులువు. బయటి మానిటర్‌లో బొమ్మ వస్తే బోర్డు బాగుంది, తెరో వైరో పోయింది. ఎన్విడియా ఆప్టిమస్ అనే ఏర్పాటుతో గేమింగ్ లాప్‌టాప్‌లో బొమ్మకు రెండు దారులయ్యాయి. లోపలి తెర ప్రాసెసర్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్స్‌కి కట్టి ఉంటుంది. గేమ్ ఆడేటప్పుడు పెద్ద చిప్ బొమ్మ గీసి చిన్నదానికి అప్పగిస్తే, అక్కణ్నుంచి తెరకు వెళ్తుంది. హెచ్‌డీఎంఐ మాత్రం చాలా మోడళ్లలో నేరుగా పెద్ద చిప్‌కే. అంటే లోపలి తెర చక్కగా ఉండి బయటి మానిటర్ నల్లగా ఉంటే పెద్ద చిప్ వైపు చూడాలి. లోపల నలుపు, బయట బొమ్మ అయితే ప్యానెల్ పోయిందని వెంటనే అనకూడదు, చిన్న గ్రాఫిక్స్ వైపు తప్పు కూడా కావచ్చు. దీనికి తోడు ఇప్పటి చాలావాటిలో మక్స్ స్విచ్ ఉంటుంది, తెరను నేరుగా పెద్ద చిప్‌కి మళ్లించేందుకు. పిల్లలు ఫ్రేములు పెరుగుతాయని అది మార్చి పెట్టుకుంటారు. ఆ స్థితిలో పెద్ద చిప్ మొరాయిస్తే లోపలి తెర కూడా ఆరిపోతుంది. బయాస్‌ని మొదటి సెట్టింగులకు తెస్తే కొన్నిసార్లు బొమ్మ తిరిగొస్తుంది, ఒక్క స్క్రూ తిప్పకుండా.

ఇటీవల ఒక ఇంజనీరింగ్ కుర్రాడు తెచ్చాడు. పదిహేనున్నర అంగుళాల తెర, 144 హెర్ట్జ్. గేమ్ మధ్యలో రంగురంగుల గీతలు, తర్వాత రెపరెపలు. ఒకచోట చూసినవాళ్లు మదర్‌బోర్డు మార్చాలని 40 వేలు చెప్పారట. "నాన్నకి ఇంకా చెప్పలేదన్నా" అన్నాడు. ముందు బయాస్ తెరిచాను. గీతలు అక్కడా ఉన్నాయి, కాబట్టి విండోస్‌దీ డ్రైవర్‌దీ తప్పు కాదు. విండోస్‌లోకి వెళ్లి గీతలు కనబడుతున్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి నా ఫోన్‌కి పంపించాను. ఫోన్‌లో బొమ్మ శుభ్రంగా ఉంది. చిప్ గానీ దాని మెమరీ గానీ చెడితే చాలావరకు ఆ గీతలు స్క్రీన్‌షాట్‌లోకీ వస్తాయి. కుర్రాడు అప్పుడు కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. 144ని 60కి దించాను, రెపరెపలు ఆగాయి. వేగం తగ్గితే దెబ్బతిన్న వైరు కూడా ఎలాగోలా మోస్తుంది. చివరగా మూతను మెల్లగా ముందుకూ వెనక్కూ కదిపాను. ఒక కోణం దగ్గర గీతలు, అది దాటితే మాయం.

అప్పుడు విప్పాను. కుడివైపు హింజ్ బోల్టును పట్టుకునే ఇత్తడి గుబ్బ ప్లాస్టిక్‌లోంచి ఊడి ఉంది. దానితో హింజ్ పక్కకు జరిగి, దాని చుట్టూ తిరిగే డిస్‌ప్లే వైరును ప్రతిసారీ నలుపుతోంది. నల్ల టేపు తీస్తే లోపల వెంట్రుకంత తీగలు రెండు మూడు చోట్ల తోలు లేకుండా ఉన్నాయి. ఈ బరువు మూతల్ని ఒక్క చేత్తో, ఒక మూల పట్టుకుని తెరిచే అలవాటుకు ఇదే ఫలితం, మధ్యలో పట్టుకోవాలి. వైరు ఢిల్లీ నెహ్రూ ప్లేస్ నుంచి తెప్పించాం, రెండు వేలు కాలేదు. ప్లాస్టిక్ అతికించి బోల్టు బిగించాను. తెర, బోర్డు, చిప్ అన్నీ పాతవే.

ఆ వైరు దొరకడమే పెద్ద పని. 60 హెర్ట్జ్ ప్యానెల్‌కు సాధారణంగా 30 పిన్నుల వైరు, 144 వాటికి 40 పిన్నులది. రెండింటి లాప్‌టాప్ మోడల్ పేరు ఒకటే. తొందరలో చవక ప్యానెల్ తెచ్చి, అది తగలకపోతే 30 పిన్నుల వైరు కూడా మార్చి, "డిస్‌ప్లే కొత్తది" అని అప్పగించే షాపులున్నాయి. పాపం కొన్నవాడు 60 హెర్ట్జ్‌లో ఆడుకుంటూ గేమ్ స్లో అయిందనుకుంటాడు.

ఏ వైరు ఎక్కడికి పోతుందో చెప్పే సర్క్యూట్ కాగితం ఈ లక్ష రూపాయల మెషిన్‌తో రాదు. దాదాపు ఏ కంపెనీ కూడా మాలాంటి బెంచీకి ఇవ్వదు. మేం పని చేసేది ఎక్కడో ఫ్యాక్టరీలోంచి జారిపోయి చేతులు మారిన ఫైళ్ల మీద. ఒక్కోసారి బోర్డు వెర్షన్ వేరు, ఫ్యూజు ఉండాల్సిన చోట ఇంకేదో ఉంటుంది. ఈసీ టీవీ వెనక మూతలో అచ్చయిన కాగితాన్ని ఇవాళ మేం దొంగసరుకులా దాచుకుని చూస్తున్నాం. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరులో పోర్టల్ తెరిచింది. సర్క్యూట్ ఇచ్చి తీరాలనే చట్టం మాత్రం రాలేదు. వచ్చేదాకా కంపెనీ సెంటర్లు, చేతకాక కాదు, అవసరం లేక మొత్తం బోర్డు మారుస్తూనే ఉంటాయి.

అందాకా మీ చేతిలో ఉన్నది మీరు చెయ్యండి. తెర మార్చాలని ఎవరు చెప్పినా బయాస్‌లో కూడా తప్పుందా, వేరే మానిటర్‌లో ఎలా ఉంది, మీ కళ్ల ముందు చూపించమనండి. మూత తీశాక పాత ప్యానెల్ వెనక స్టిక్కర్ మీది నంబరు ఫోటో తీసుకోండి. కొత్తదాని నంబరు, పిన్నులు, హెర్ట్జ్ దానితో సరిచూడండి. పాత ప్యానెల్ అడిగి ఇంటికి తెచ్చుకోండి. అది మీ సొమ్ము.